పాత లారీకి మైలేజీ తిరిగొచ్చింది: ఏళ్ల తరబడి చేయించిన ఇంజన్ పనుల మీద నా సమీక్ష

నాది ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ లారీ, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్నది. పాత బండి, ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపు మెకానికల్‌ది, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. కొన్నేళ్లుగా దీని ఇంజన్‌కి ఒక్కో పనీ విడివిడిగా చేయించి, ప్రతి పని తర్వాతా డీజిల్ లెక్క చూసుకుంటూ వచ్చాను. లోడు మీద లీటరుకు 3.5 కిలోమీటర్లు కూడా ఇవ్వని బండి ఇప్పుడు అదే రూటులో, అదే బరువుతో 4 దాటి ఇస్తోంది. ఏ పని ఎంతవరకు పనికొచ్చింది, ఏది దండగ అన్నది వరసగా చెప్తాను.

ముందు కొలత సరిగ్గా ఉండాలి. ట్యాంకు మెడదాకా నింపి బయల్దేరాలి, మళ్లీ అదే బంకులో బండిని అదే వాలులో నిలబెట్టి మెడదాకా నింపాలి. ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పకూడదు, ఎదురుగాలి ఒక్కటి చాలు లెక్క తారుమారు కావడానికి. టైరు సైజు మారినా, బాగా అరిగినా ఓడోమీటరు తప్పు చూపిస్తుంది కాబట్టి దాన్ని ఫోన్ జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకోండి.

మైలేజీ పడిపోయిందంటే ఎవరైనా ముందు చెప్పేది "పంపు దించు" అనే. నా అనుభవంలో అది చివర చేయాల్సిన పని. ముందు గాలి చూడాలి, తర్వాతే డీజిల్. మెకానికల్ పంపుకి ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సార్ ఉండదు. చాలావరకు యాక్సిలరేటర్ తొక్కినంత మేర డీజిల్ కొడుతుంది. గాలి తగ్గితే ఆ డీజిల్ పూర్తిగా మండక నల్లపొగై పోతుంది. పొగ చూసి పంపు తగ్గిస్తే పొగ పోతుంది, దాంతోపాటు లాగుడూ పోతుంది. ఎక్కుడులో ఒక గేరు దించి నడపాలి, డీజిల్ మళ్లీ అంతే తాగుతుంది.

మా బండికి అసలు జబ్బు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు హోసులో ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉండేది. కింద, క్లాంపు పక్కన, వేలెడంత చీలిక. ఐడిల్‌లో మూసుకునే ఉంటుంది, లోడు మీద బూస్టు, అంటే టర్బో గాలి ఒత్తిడి, వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. పట్టించింది మరకే: చీలిక చుట్టూ నూనె తేమకి దుమ్ము అంటుకుని నల్లటి గీత కట్టింది. హోసు రెండు చివర్లూ మూసి తక్కువ ప్రెషర్‌తో గాలి పెట్టి సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేచాయి. హోసూ క్లాంపులూ మార్చాక వచ్చిన తేడా మరే పనికీ రాలేదు. ఇంటర్‌కూలర్ కూడా అదే పద్ధతిలో చూడండి, మూలల దగ్గర అతుకు వదిలేస్తుంది.

దీనికి తోడు ఇంకో చిన్న భాగం ఉంది, ఎవరూ పట్టించుకోరు. టర్బో ఉన్న చాలా పాత ఇంజన్లలో సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి పంపుకి ఒక సన్నటి పైపు వెళ్తుంది. బూస్టు వచ్చిందని పంపుకి తెలిసేది దాని ద్వారానే. అది విరిగినా, లోపల మసి పట్టినా బండి నీరసపడుతుంది. పైపు ఊడదీసి ఊది చూడడానికి నిమిషం పట్టదు.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కంప్రెసర్ గాలితో రోజూ ఊదించడం మంచిది కాదు. దగ్గరగా పెట్టి గట్టిగా కొడితే కాగితానికి సన్నటి చిల్లులు పడతాయి, వాటిగుండా వెళ్లిన దుమ్ము టర్బో రెక్కల్నీ సిలిండర్ లోపలి గోడలైన లైనర్లనీ తినేస్తుంది. ఫిల్టర్ డబ్బా మీద ఇండికేటర్ ఉంటే అది ఎర్రగా వచ్చినప్పుడు మార్చండి. లోపలి చిన్న ఫిల్టర్‌ని ఊదకూడదు, మార్చడమే.

ఇప్పుడు థర్మోస్టాట్, అంటే ఇంజన్ నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు. వేడి ఎక్కువైతే దాన్ని పీకి పారేయడం షెడ్డుల్లో పాత అలవాటు. మా బండి నా చేతికి వచ్చేసరికే అది లేదు. వేడి చూపే సూది ఎప్పుడూ కిందే ఉండేది, అందరూ "ఇంజన్ చల్లగా ఉంది, మంచిదేగా" అనేవారు. అస్సలు మంచిది కాదు. ఇలాంటి ఇంజన్లు 80 డిగ్రీల పైన పనిచేయడానికే తయారయ్యాయి. చల్లటి సిలిండర్లో డీజిల్ సరిగ్గా మండదు, కొంత లైనర్ గోడ మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడుతుంది, లైనర్ అరుగుతుంది. పైగా చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ దారి తెరుచుకునే ఉంటుంది. కొంత నీళ్లు రేడియేటర్‌కి పోకుండా తిరిగొచ్చేస్తాయి, ఘాట్‌లో అదే బండి మరిగిపోతుంది. కొత్తది వేయించి రేడియేటర్ కడిగించాక సూది మధ్యలో నిలబడింది, పొద్దున్నే వచ్చే తెల్లపొగ కూడా తొందరగా ఆగిపోతోంది. ఇంత చిన్న భాగానికి ఇంత ఫలితం ఇంకెక్కడా చూడలేదు.

ఇవన్నీ అయ్యాకే సిలిండర్లలోకి డీజిల్ జల్లే నాజిల్స్ తీయించాను. చేతి టెస్టర్ మీద ఒక్కొక్కటీ పెట్టి కొట్టి చూపించమని అడగండి, దగ్గరుండి చూడండి, మొహమాటం వద్దు. చెయ్యి మాత్రం ఆ జల్లు ముందు పెట్టకండి. 200 బార్లకు పైన వచ్చే ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. మంచి నాజిల్ కిర్రుమంటూ పొగమంచులా కొట్టి టక్కున ఆగుతుంది. మావాటిలో రెండు ఆగాక కూడా కొసన చుక్క కట్టాయి. ఆ చుక్కే మసీ, పొగా, వృథా డీజిలూ. అప్పుడే పంపు కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించి, టైమింగ్, అంటే డీజిల్ కొట్టే సమయం, కూడా కంపెనీ గుర్తు ప్రకారం పెట్టించాను. టైమింగ్ ఆలస్యమైతే వేడి పిస్టన్‌ను తోయకుండా సైలెన్సర్‌లోంచి పోతుంది, ముందుకు జరిగితే ఇంజన్ గట్టిగా కొట్టుకుంటుంది. మైలేజీ కొంచెమే పెరిగింది కానీ పికప్ బాగా మారింది.

వాల్వుల దగ్గరి టాపెట్లు పుస్తకంలో చెప్పిన గ్యాప్‌కి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) పెట్టి సరిచేయించండి. చప్పుడు రాకూడదని బిగించేస్తుంటారు. బిగువైతే వాల్వు పూర్తిగా కూర్చోక కంప్రెషన్ లీకవుతుంది, వాల్వు అంచు కాలిపోతుంది. కాస్త చప్పుడున్నా పర్లేదు, గ్యాప్ ఉండాలి.

రేడియేటర్ ఫ్యానుని అవసరమైనప్పుడే తిప్పే ఫ్యాను క్లచ్ కూడా చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నా ఫ్యాను హోరుమంటూ తిరుగుతుంటే క్లచ్ పట్టేసినట్టే. పెద్ద ఇంజన్లో పూర్తి వేగంతో తిరిగే ఫ్యాను పదుల హార్స్‌పవర్లు తినేస్తుంది.

ఇంజన్ బాగుండి కూడా మైలేజీ రాకపోతే చక్రాల దగ్గరికి వెళ్లాలి. బ్రేకు పెద్దగా వాడని దారిలో వచ్చి ఆగాక ఒక హబ్బు మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు లైనర్ పట్టేస్తూ ఉండొచ్చు. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడాలి, సుత్తితో కొట్టి కాదు.

డీజిల్లో కలిపే మందులూ, పైపుకి కట్టే అయస్కాంతాలూ వాడి చూశాను. లెక్కలో ఏ తేడా కనబడలేదు. ఆ డబ్బు డీజిల్ ఫిల్టర్ మీద పెట్టండి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు వదులుతూ ఉండండి.

ఈ ఖర్చులన్నీ పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి పైన వదులుగా ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ, అక్కణ్ణుంచి పొగ గట్టిగా తన్నుతుంటే రింగులూ లైనర్లూ అయిపోయి ఉండొచ్చు. కంప్రెషన్ పట్టించి చూడండి. అక్కడ తక్కువ వస్తే నాజిల్స్, కాలిబ్రేషన్ జోలికి పోకుండా నేరుగా ఇంజన్ విప్పించండి.