బౌండరీ మైకా, స్టాండ్ మీద పెన్సిల్ మైకా? కింద కూర్చుని వాయించేవాళ్ళకి ఏది మేలు

ఈమధ్య వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతున్నారు, "అన్నా, ఇంట్లో మృదంగం, వీణ రికార్డ్ చేసుకోవాలి, ఉన్న డబ్బుల్లో పెన్సిల్‌లాగా సన్నగా ఉండే కండెన్సర్ మైకుల జత తీసుకోనా, నేల మీద పెట్టే ఆ పల్చటి బౌండరీ మైకులు తీసుకోనా" అని. పోయిన సంక్రాంతి ముందు నేనూ ఇదే తేల్చుకోలేక రెండూ స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుని నెల రోజులు మార్చి మార్చి పెట్టి విన్నాను, ఆఖరికి బౌండరీల జత కొన్నాను. అందరికీ అదే సరిపోతుందని అనను కానీ నేను ఎందుకు అటు మొగ్గానో చెప్తాను.

అసలు విషయం మైక్ కాదు, నేల. మైకులు ఎలా పెట్టాలో చెప్పే సలహాలు చాలావరకు కుర్చీలో కూర్చుని గిటార్ వాయించేవాళ్ళనో నిలబడి పాడేవాళ్ళనో దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మనవాళ్ళు కింద కూర్చుంటారు. మృదంగం నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది, వీణ కుండ దాదాపు నేలనే ఆనుకుని ఉంటుంది, పైగా మన ఇళ్ళల్లో కింద ఉండేది గ్రానైటో మార్బులో టైల్సో, పడిన శబ్దాన్ని పడినట్టే వెనక్కి పంపిస్తాయి. గోడలకి ఫోమ్ అంటించడానికి బోలెడు ఖర్చు పెడతాం గానీ వాయిద్యానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న గట్టి ఉపరితలం మన కిందే ఉందని గుర్తుండదు.

ఒక లెక్క చూడండి. మృదంగం మధ్యభాగం నేల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం, మైక్ 60 సెంటీమీటర్ల దూరంలో స్టాండ్ మీద 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. నేరుగా వచ్చే శబ్దం 65 సెంటీమీటర్లు ప్రయాణిస్తే నేలకి తగిలి వచ్చేది 96 ప్రయాణిస్తుంది. తేడా 31. ఆ తేడా సరిగ్గా తరంగం పొడవులో సగం అయ్యే చోట, అంటే సుమారు 550 హెర్ట్జ్ దగ్గర, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని శబ్దం తగ్గిపోయి దాదాపు 10 డీబీ (డెసిబెల్స్) గుంట పడుతుంది, మళ్ళీ 1650 దగ్గర ఇంకోటి, అలా పైకి వరసగా దువ్వెన పళ్ళలాగా. ఈక్యూతో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనంతో, ఎత్తేద్దాం అనుకుంటారు, కానీ వాయించే ఆయన కాస్త ముందుకి వంగితే గుంట కూడా పక్కకి జరుగుతుంది. "మైక్ మంచిదే కానీ సౌండ్ ఎందుకో డొల్లగా ఉంది" అని చాలామంది బాధపడేది దీని గురించే.

బౌండరీ మైక్‌లో కాప్సూల్, అంటే శబ్దాన్ని పట్టే భాగం, నేలని ఆనుకునే ఉంటుంది కాబట్టి నేరుగా వచ్చేదీ తగిలి వచ్చేదీ ఒకేసారి చేరతాయి, కొట్టేసుకోవడానికి తేడానే ఉండదు, పైగా రెండూ కలిసి 6 డీబీ పెరుగుతుంది. 1970ల చివర్లో ఎడ్ లాంగ్, రాన్ వికర్‌షామ్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ పద్ధతి తెస్తే, క్రౌన్ కంపెనీ దాన్ని పీజెడ్ఎం (ప్రెషర్ జోన్ మైక్రోఫోన్) అనే పేరుతో అమ్మింది. తర్వాత మీటింగ్ టేబుళ్ళ మీదకి చేరిపోయి సంగీతం వాళ్ళు సగం మర్చిపోయారు, నాకు అదే బాధ.

నేను విన్నదాన్ని బట్టి, మృదంగానికి ముందు రెండడుగుల దూరంలో నేల మీద ఒక్క బౌండరీ పెడితే తొప్పి (ఎడమవైపు) మీద గుమ్కీ అనే లోతైన నాదం, కుడివైపు చాపు దెబ్బ రెండూ ఒకే వాయిద్యంలోంచి వస్తున్నట్టు వినిపించాయి. పెన్సిల్ మైకులు రెండు వైపులా దగ్గరగా పెడితే నేల గొడవ చాలా తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి, ఎందుకంటే నేరుగా వచ్చేదే బాగా గట్టిగా ఉంటుంది, కానీ అప్పుడు రెండు వేరే వాయిద్యాలు మోగుతున్నట్టు ఉంటుంది, మిక్స్‌లో అతుకులు వేసుకుంటూ కూర్చోవాలి. వీణకి ఇంకా తేడా తెలిసింది. ఏకాండి (ఒకే చెక్కలో తొలిచిన) వీణ కుండలోంచి వచ్చే ఆ కింది నాదం స్టాండ్ మైక్‌లో పల్చబడింది, నేల మీద పెట్టినప్పుడు నిండుగా వచ్చింది, మీటు చప్పుడు కూడా చెవిలో గుచ్చలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం కోలాటం. గుడి ముందు గచ్చు మీద ఆడవాళ్ళు పదహారు మంది గుండ్రంగా తిరుగుతున్నారు, మధ్యలో నేల మీద ఒక బౌండరీ జత పెట్టాను. దాని పికప్, అంటే శబ్దాన్ని పట్టే పరిధి, అర్ధగోళం కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళందరినీ ఒకేలా పడుతుంది, మధ్యలో ఉంది కాబట్టి అందరూ దానికి దాదాపు సమాన దూరమే, కోలల చప్పుడు చుట్టూ తిరుగుతూ వస్తుంది, స్టాండ్ ఏదీ కాళ్ళకి అడ్డం రాదు. అడుగుల దెబ్బ నేలలోంచి వస్తుంది కాబట్టి కింద పల్చటి ఫోమ్, దాని మీద ప్లైవుడ్ ముక్క, దాని మీద మైక్ పెట్టాను. జంపఖానా మీద మాత్రం నేరుగా పెట్టకండి, గుడ్డ పై ఫ్రీక్వెన్సీలని తాగేస్తుంది, కింద గట్టి పలక ఉండాల్సిందే. పలక చిన్నదైతే బాస్ పోతుంది, రెండడుగుల చదరం పలకని గాల్లో నిలబెడితే 100 హెర్ట్జ్ కిందకి వెళ్ళేసరికి ఆ 6 డీబీ లాభం జారిపోతుంది, అదే పలక నేల మీద పరిచి ఉంటే నేలే పెద్ద పలక అవుతుంది కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు.

ఇంక నిలబెట్టి వాడే పద్ధతి ఒకటుంది, చాలా బాగుంటుంది. రెండు అక్రిలిక్ షీట్లని తెరిచిన పుస్తకంలాగా వీ ఆకారంలో బిగించి ఒక్కోదానికి ఒక్కో బౌండరీ అంటించి బృందం ముందు పెడితే స్టీరియో చక్కగా విడిపోతుంది, ఫిడేలు ఎడమ, మృదంగం కుడి అని కళ్ళు మూసుకుని చూపించొచ్చు. పియానో ఉన్నవాళ్ళు మూత లోపలి వైపు అంటించి మూత వేసేస్తారు, పక్క వాయిద్యాల శబ్దం తక్కువ దూరుతుంది. నాదస్వరానికి నేను ఎదురు గోడకి అంటించాను, దగ్గర మైక్‌లో చెవులు చిల్లులు పడే సౌండ్ అక్కడ గదితో కలిసి గుండ్రంగా వచ్చింది. మైక్ ఏ గోడ మీద ఉంటే ఆ గోడ ప్రతిధ్వని గొడవ ఒక్కటే పోతుంది, మిగతా గోడలు అలాగే ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి.

బౌండరీ ఓడిపోయే చోట్లు కూడా చెప్పాలి. పాట దానితో తీయొద్దు, గొంతు దూరంగా గదిలో ఎక్కడో ఉన్నట్టు వస్తుంది, గాయకుడికి స్టాండ్ మీద కార్డియాయిడే (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ పట్టే మైక్) కరెక్ట్. సీలింగ్ ఫ్యాన్ ఇంకో పెద్ద సమస్య, నేల మీద పడుకున్న మైక్ నేరుగా ఫ్యాన్ వైపే చూస్తుంటుంది, మే నెలలో ఫ్యాన్ ఆపి ఒక వర్ణం పూర్తి చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడతాం. పక్కింటి ప్రెషర్ కుక్కర్, వీధిలో బండి హారన్ కూడా అది వదలదు. మీ గది అలాంటిదైతే పెన్సిల్ మైకులే తీసుకోండి, వాటిని కావలసిన వైపు తిప్పుకుని మిగతాది తగ్గించొచ్చు, అది అర్ధగోళం పికప్ ఉన్న బౌండరీకి చేతకాదు.

మిగతావి చకచకా. షూర్ బీటా 91ఏ, సెన్‌హైజర్ ఈ 901 లాంటివి కిక్ డ్రమ్ (డ్రమ్ సెట్‌లో కాలితో వాయించే పెద్ద డ్రమ్) లోపల పెట్టడానికి చేసిన హాఫ్ కార్డియాయిడ్‌లు, అంటే ఒకవైపే ఎక్కువగా పట్టే బౌండరీలు, ఆ పనికి బ్రహ్మాండం, బృందం మొత్తానికి నేనైతే వాడను. కాలర్ మైక్‌ని పలకకి టేపుతో ఆనించి అంటిస్తే చవకలో బౌండరీ అయిపోతుంది, నేర్చుకోవడానికి పర్లేదు. వాయిద్యానికే అంటించే కాంటాక్ట్ పికప్ స్టేజికి సరే, రికార్డింగ్‌కి పొడిగా ఉంటుంది. మీటింగుల కోసం చేసిన యూఎస్‌బీ బౌండరీలు వద్దు, చాలావాటిని మాట స్పష్టంగా వినపడటం కోసం చేస్తారు, బాస్ రాదు.

ఇవన్నీ నమ్మి డబ్బులు పెట్టేముందు ఫోన్‌తో ఒకసారి చూసుకోండి. వాయించేవాళ్ళ ముందు రెండడుగుల దూరంలో పుస్తకాల దొంతర మీద, ఒకటిన్నర అడుగు ఎత్తులో, ఫోన్ పెట్టి ఒక నిమిషం రికార్డ్ చెయ్యండి, తర్వాత అదే చోట కింది అంచు వాయిద్యం వైపు ఉండేలా గచ్చు మీద పడుకోబెట్టి ఇంకో నిమిషం. రెండూ హెడ్‌ఫోన్స్‌లో వరసగా వినండి. తొప్పి దగ్గర తేడా వినిపిస్తే మీ నేల సంగతి మీకు తెలిసిపోయినట్టే.