"నది దాటితే పోర్ట్‌ల్యాండే" అంటే నమ్మి లీజు సంతకం పెట్టకండి

ఓరెగాన్‌లో పోర్ట్‌ల్యాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉద్యోగం వచ్చి, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఇల్లు చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కెనడా వాంకూవర్ కాదండీ. మా అమ్మ మాత్రం ఇప్పటికీ చుట్టాలకు కెనడా అనే చెబుతోంది.

లీజింగ్ ఆఫీసులో అమ్మాయి మ్యాప్ తెరిచి చూపించింది. ఇదిగో కొలంబియా నది, అవతల పోర్ట్‌ల్యాండ్, బస్సు మన గేటు దగ్గరే ఆగుతుంది, పైగా ఈ రాష్ట్రంలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు అంది. నాది కొవ్వూరు. నది అవతల ఊరంటే నా లెక్క రాజమండ్రే. గోదావరి బ్రిడ్జి ఎక్కిన బస్సు దిగేది అక్కడే, అది ఎవరి బస్సని అడిగే పనే ఉండదు. కారు లేదు, లైసెన్సు రాలేదు. అయినా పన్నెండు నెలలకు సంతకం పెట్టేశాను.

బస్సు గేటు దగ్గర ఆగే మాట నిజమే. కాకపోతే అది వాంకూవర్ ఊళ్లో తిరిగే బస్సు. ఇటు బస్సులు నడిపేది సీ-ట్రాన్, అటు ట్రైమెట్. రాష్ట్రాలు వేరు, సంస్థలు వేరు, టైంటేబుళ్లు వేరు. పోర్ట్‌ల్యాండ్ సిటీ రైలు మ్యాక్స్, దాని ఎల్లో లైన్ నది దాటదు, అవతలే ఎక్స్‌పో సెంటర్ దగ్గర ఆగిపోతుంది. కొత్త బ్రిడ్జి కట్టి రైలును ఇటు తెచ్చే ప్రాజెక్టు 2013లో వాషింగ్టన్ సెనేట్ డబ్బివ్వక మూలపడింది. అందుకని నా దారి ఇలా ఉంటుంది: ఊరి బస్సు, నది దాటే 60 నంబరు, అవతల డెల్టా పార్క్ స్టేషన్‌లో ఎల్లో లైన్, డౌన్‌టౌన్‌లో బ్లూ లైన్. ఆఫీసు చేరేసరికి రెండు గంటలు.

తిరుగు ప్రయాణం ఇంకా దారుణం. ఒకరోజు డెల్టా పార్క్‌లో రైలు తలుపు తెరుచుకునే సరికి బస్సు వెనక లైట్లు మలుపు తిరుగుతున్నాయి. వాన. తర్వాతి బస్సు ఎక్కి బ్రిడ్జి దగ్గరికి వస్తే గేటు పడింది. నది దాటే ఐ-5 హైవే మీద ఒక బ్రిడ్జి 1917 నాటిది, పక్కది 1958ది. పెద్ద పడవ వస్తే మధ్య భాగం పైకి లేస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6:30–9, మధ్యాహ్నం 2:30–6 మధ్య మామూలుగా లేపరు. నేను బయల్దేరేదే ఆరు దాటాక!

డౌన్‌టౌన్‌లో ఆఫీసున్నవాళ్లకు ఇంత టెన్షన్ లేదు, ఆఫీసు వేళలకు ఎక్స్‌ప్రెస్ బస్సు నేరుగా వెళ్తుంది. దాని చార్జీ మాత్రం లోకల్ కంటే ఎక్కువ. హాప్ కార్డు (బస్సు, రైలు టికెట్ల కార్డు) రెండు వైపులా పనిచేస్తుంది కదా అని ఏ పాస్ పడితే అది కొనకండి, నది దాటాక చెల్లుతుందో లేదో చూసుకోండి.

ఇక ట్యాక్స్ సంగతి. ఇల్లు వాషింగ్టన్‌లో ఉన్నా, ఓరెగాన్‌లో పనిచేసి తెచ్చుకున్న జీతానికి ఓరెగాన్ ట్యాక్స్ కట్టాల్సిందే. మొదటి పే స్లిప్ చూసేదాకా నాకు తెలియదు. మళ్లీ లీజింగ్ ఆఫీసుకెళ్లి ఆ అమ్మాయిని బస్సు సంగతి అడిగితే, "ఆ బస్సుతో పోర్ట్‌ల్యాండ్ వెళ్లొచ్చు కదా, మారాలి అంతే" అంది. లీజు మధ్యలో వదిలేస్తే రెండు నెలల అద్దె కట్టాలట.

డిపాజిట్ ఇచ్చే ముందు, పనిరోజు సాయంత్రం ఆరు తర్వాత, మీ ఆఫీసు గేటు నుంచి ఆ ఇంటి గేటు దాకా ఒకసారి బస్సులోనే వెళ్లి చూడండి. బస్సు నంబర్లు, ఎక్కడెక్కడ మారాలో ఈమెయిల్‌లో రాసిమ్మని అడగండి. నా లీజు మార్చి దాకా ఉంది. డ్రైవింగ్ టెస్ట్ వచ్చే గురువారం.