సున్నా వడ్డీ ఫ్రిజ్‌కు నూటికి రెండుంపావు

దసరా ఆఫర్లలో ఫ్రిజ్ కొన్నాం. ఆ షాపు గురించి, ఆ ఫ్రిజ్ గురించి, అన్నిటికంటే ఎక్కువగా వాళ్ల కంతుల గురించి రాస్తున్నా. షాపు పేరు రాయను. కర్నూలులో పెద్ద షాపే, ఏసీ ఉంది, లోపలికి పోగానే బాదం పాలు ఇస్తారు. సామాను మంచిది, అమ్మిన పిల్లాడు మర్యాదస్తుడు, లెక్క మాత్రం వాళ్లు చెప్పినట్టు లేదు. అయిదుకు మూడు స్టార్లు.

మేం కల్లూరులో మేడ మీద అద్దెకుంటాం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతా. మా ఆయనది ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని, జీతం ఏడో తేదీ నుంచి పదో తేదీ లోపల ఎప్పుడో పడుతుంది. మాతో మా మామ ఉంటాడు. అద్దె ఇల్లు చూడ్డానికి పోతే అందరూ నీళ్లొస్తాయా, కరెంటు మీటరు వేరేనా అని అడుగుతారు. మా మామ మొదట అడిగేది ఎన్నో అంతస్తు అని.

దానికి కారణం 2009 అక్టోబరు 2. కర్నూలు వాళ్లకు ఆ తేదీ గురించి వేరే చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు. అప్పుడు పాతబస్తీలో కింద ఇంట్లో ఉండేవాళ్లం. మా పెద్దోడు ఆరు నెలల బిడ్డ. వాడిని ఎత్తుకుని పక్కవాళ్ల మేడ ఎక్కినవాళ్లం మూడో రోజు దిగాం. దిగి వస్తే ఇంటి తలుపు తెరుచుకోలేదు. లోపల ఫ్రిజ్ నీళ్ల మీద తేలి, వెల్లకిలా పడి, తలుపుకు అడ్డంగా ఇరుక్కుపోయింది. నలుగురు కలిసి తోస్తే కదిలింది. కూరగాయల డబ్బా నిండా బురద, ఆ బురదలో ఒక నిమ్మకాయ మాత్రం పచ్చగా, కొన్ననాటిలాగే ఉంది. మిగతా సామాను ఏమేం పోయిందో నాకిప్పుడు వరసగా గుర్తుకు రాదు కానీ ఆ నిమ్మకాయ గుర్తుంది.

ఆ ఫ్రిజ్ ఆ ఏడు మార్చిలోనే కొన్నాం, పన్నెండు కంతులకు. ఆరు కట్టాం. దీపావళికి ముందే కంతుల మనిషి కార్డు పట్టుకుని వచ్చాడు. "మా షాపు గూడా మునిగిందక్కా, నన్నేం చేయమంటావు" అన్నాడు. ఫ్రిజ్ పోయింది కానీ కంతులు పోలేదు. లేని ఫ్రిజ్‌కు మళ్లీ మార్చి దాకా మిగిలిన ఆరూ కట్టాడు మా మామ. ఆ తర్వాత మా ఇంట్లో కంతు అనే మాట లేదు. 2012లో ఒక మెకానిక్ దగ్గర పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ 4,500 నగదు పెట్టి తెచ్చాం. అది పదమూడేళ్లు నడిచింది. పాపం, దాని గురించి ఎవరూ ఎక్కడా ఒక మంచి మాట రాయలేదు, నేను రాస్తున్నా.

మొన్న సెప్టెంబరులో దాని కంప్రెసర్ పోయింది. కొత్తది వేసి గ్యాస్ నింపాలంటే ఆరున్నర వేలు అన్నాడు మెకానిక్. "దీనికి అంత పెట్టొద్దక్కా" అని కూడా ఆయనే అన్నాడు. పాలు, ఇడ్లీ పిండి అయితే ఎట్లో సర్దుకోవచ్చు. మా మామకు షుగరు, ఇన్సులిన్ వాడతాడు. తెరవని సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కింద ఓనర్ల ఫ్రిజ్‌లో పెట్టుకోనిచ్చారు, చేపల కవరు పక్కన. వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. కానీ రాత్రి తొమ్మిదికే తలుపు వేసుకుంటారు, మెట్లు దిగి తలుపు కొట్టాలంటే మనకే మొహమాటం.

నెలవారీ అద్దెకు ఫ్రిజ్‌లు ఇచ్చేవాళ్లను కూడా అడిగాం. నెలకు 900, అడ్వాన్సు 3,000. పది నెలలకు తొమ్మిది వేలు పోతాయి, చేతికి ఏమీ మిగలదు. ఫ్రిజ్‌కు గూడా అద్దె కట్టాల్నా అని నేనంటే, "ఇల్లే అద్దెది, ఫ్రిజ్‌కు ఎందుకే అంత రోషం" అన్నాడు మా ఆయన. నిజమే. కానీ ఇల్లు కొనలేం కాబట్టి అద్దెకుంటున్నాం. ఫ్రిజ్ కొనలేనంత లేనివాళ్లమా?

మా దగ్గర 12,000 ఉన్నాయి.

షాపులో పిల్లాడు మొదట చెప్పిన మాట, "జీఎస్టీ తగ్గిందక్కా, అందుకే ఈ రేటు". 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గిన మాట వాస్తవమే. కానీ 28 నుంచి 18కి దిగింది ఏసీలకు, పెద్ద టీవీలకు. ఫ్రిజ్‌లకు 2018 జులై నుంచే 18 శాతం. ఆ సంగతి అడిగితే నవ్వేసి, "అన్నిటికీ అట్లే చెప్పమన్నారక్కా" అన్నాడు. అబద్ధం చెప్పి, పట్టుకోగానే ఒప్పుకున్నాడు కాబట్టి వాడి మీద నాకు కోపం రాలేదు.

మేం చూసింది రెండు తలుపుల ఫ్రిజ్, మూడు స్టార్లది, 250 లీటర్ల పైచిలుకు. కంతుల మాట ఎత్తకుండా ముందు నగదు రేటు అడిగాను. వాడు కాల్‌క్యులేటర్ నొక్కి, లోపలికి పోయి, వచ్చి 28,900 అన్నాడు. ఆ అంకె బిల్లు వెనక రాయించుకున్నా. తర్వాత ఫైనాన్స్ బల్ల దగ్గరకు పోయాం. అక్కడ ఇంకో పిల్లాడు. పది కంతులు, రెండు ముందే కట్టాలి, ఎనిమిది తర్వాత, వడ్డీ సున్నా. కంతు 3,050. అంటే మొత్తం 30,500. మరి 28,900 ఏమైంది అంటే, "అది నగదుకే మేడమ్, ఫైనాన్స్‌కు డిస్కౌంట్ రాదు" అన్నాడు. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు 599, దాని మీద జీఎస్టీ కలిపి 707.

మా పెద్దోడు ఇప్పుడు ఇంటర్. వాడు అక్కడే ఫోన్లో లెక్క వేశాడు. ఆ రోజు మేం కట్టేది రెండు కంతులు 6,100, ఫీజు 707, మొత్తం 6,807. నగదు రేటులో ఇది తీసేస్తే మాకు నిజంగా దొరికే అప్పు 22,093. తిరిగి కట్టేది ఎనిమిది కంతులు, 24,400. ఎనిమిది నెలలకు 2,307 ఎక్కువ. వినడానికి పెద్దగా లేదు. కానీ నెలనెలా బాకీ తగ్గుతూ పోతుంది కదా, ఆ లెక్కన చూస్తే నూటికి నెలకు రెండుంపావు వడ్డీ. పాతబస్తీలో చేబదులుకు తిరిగే వడ్డీలాగే ఉంది, పైన సున్నా అని ఎర్ర స్టిక్కరు.

మా ఆడపడుచు బ్యాంకులో పనిచేస్తుంది. ఫోన్ చేస్తే నవ్వింది. సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ వడ్డీని ఫీజుల్లో దాస్తున్నారని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు రాసిందట. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులకు ముందుగా ఒక కాగితం ఇవ్వాలని, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలని, అదీ మనకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా చెప్పింది. అడిగాను. ఫైనాన్స్ పిల్లాడు ఫోన్లో చూపించాడు, ఇంగ్లీషులో. తెలుగుది లేదా అంటే, "ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. మా వాడు చదివి చెప్పాడు: వడ్డీ సున్నా, ఫీజు కలిపితే ఏడాదికి ఎనిమిది శాతానికి కాస్త తక్కువ. నగదుకు తగ్గించే పదహారు వందల మాట అందులో ఉండదు, ఉండే వీలూ లేదు. అది షాపు సంగతి, ఇది ఫైనాన్స్ కాగితం. రెండు బల్లల మధ్య పది అడుగుల దూరంలో ఆ పదహారు వందలు కనపడకుండా పోయాయి.

"గాజులు బ్యాంకులో పెట్టు వదినా, రూపాయి లోపే వడ్డీ, ఎనిమిది నెలలకు తొమ్మిది వందలు కూడా కాదు" అంది ఆడపడుచు. లెక్క ప్రకారం ఆమె చెప్పిందే సరి. కానీ వరద అయ్యాక ఆ గాజులు ఒకసారి తాకట్టుకు పోయాయి, విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. మళ్లీ ఇవ్వబుద్ధి కాలేదు. పద్నాలుగు వందలు ఎక్కువైనా సరే, గాజులు చేతికే ఉండనీ అనుకున్నా. తెలిసే కట్టాను, అది వేరే సంగతి. వడ్డీ లేదని నమ్మి కట్టుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

బిల్లు చేతికొచ్చాక చూస్తే ఇంకో 2,199 ఉంది. అదనపు వారంటీ అట. ఎవరు అడిగారు? "అందరూ తీసుకుంటారని వేసినాం." తీసేయమంటే మారుమాట లేకుండా తీసేశారు. కాబట్టి బిల్లు పైనుంచి కింది దాకా చదవండి, బాదం పాలు తర్వాత తాగొచ్చు. స్టెబిలైజర్ తప్పనిసరి అని కూడా అన్నారు. ఫ్రిజ్ తలుపు మీద స్టెబిలైజర్ అక్కర్లేదని స్టిక్కరు అంటించి ఉంది. నేను ఆ స్టిక్కరు మీద వేలు పెట్టి చూపించా. ఆ మాట మళ్లీ రాలేదు.

మామను ఒప్పించడం గురించి రాస్తే ఇది ఇంకో రెండు పేజీలు అవుతుంది. "నాకోసమైతే వద్దమ్మా, ఓనర్ల ఇంట్లోనే ఉండనీ" అన్నాడు మూడు రోజులు. నాలుగో రోజు ఏమీ అనలేదు. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాం.

డెలివరీ విషయంలో షాపువాళ్లకు పూర్తి మార్కులు, ఎందుకంటే మేం పెట్టిన బాధ అలాంటిది. దసరా రోజే ఇంటికి తెస్తామన్నారు. ఈసారి దసరా అక్టోబరు 2న వచ్చింది. ఆ తేదీన ఫ్రిజ్ ఇంట్లోకి రాకూడదన్నాడు మామ. పోనీ 3న అంటే శుక్రవారం, మెట్లకు మోసేవాళ్లకు డబ్బులివ్వాలి, శుక్రవారం డబ్బు బయటికి పోకూడదు. 4న అంటే శనివారం, ఇనుము. ఆదివారం తెచ్చారు. ఫోన్ చేసిన అమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు, "మా అవ్వ గూడా అంతే మేడమ్" అంది. అయితే డెలివరీ ఉచితం అని చెప్పి, మోసుకొచ్చిన వాళ్లు మెట్లకు వేరే 300 అడిగారు. ఇచ్చాను, ఆ మలుపు దగ్గర వాళ్లు పడ్డ పాట్లు చూశాక ఇవ్వకుండా ఉండలేం. కానీ ఆ మాట షాపులోనే చెప్పాల్సింది.

ఫ్రిజ్ పెట్టడానికి మామ ముందే మేస్త్రీని పిలిచి తొమ్మిది అంగుళాల గట్టు కట్టించాడు. 700 ఖర్చు. ఓనర్ పైకొచ్చి చూసి ఏమీ అర్థం కాక దిగిపోయాడు. మేడ మీద ఇల్లు, ఆ మేడ మీద మళ్లీ గట్టు. బిగించడానికి వచ్చిన అబ్బాయి ఊగుతుందేమో అన్నాడు కానీ రసమట్టం పెట్టి చూసి సరేనన్నాడు. మూడు నెలలైంది, చప్పుడు లేదు. పిండి పులవడం లేదు, ఐస్ గడ్డ కట్టుకుపోవడం లేదు, పెరుగు మరీ చల్లగా అవుతోంది, అంతే. కూరగాయల డబ్బా పాతదానికంటే చిన్నది. రెండు కట్టల ఆకుకూర పెడితే నిండిపోతుంది, షాపులో ఖాళీది చూసినప్పుడు తెలియలేదు.

ఇక కంతులు. ప్రతి నెలా 5న బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. మా ఆయన జీతం పడేది ఏడు తర్వాత. తేదీ మార్చమంటే కుదరదన్నారు. చెల్లకపోతే ఫైనాన్స్ వాళ్ల జరిమానా ఒకటి, బ్యాంకుది ఇంకొకటి. నవంబరు 4 రాత్రి చూస్తే ఖాతాలో 2,900 ఉన్నాయి. 150 తక్కువ! జాకెట్ బాకీ ఉన్న ఒకామెకు ఫోన్ చేసి, "అక్కా, ఇప్పుడే ఫోన్‌పే చెయ్యి, పొద్దున కారణం చెప్తా" అన్నా. చేసింది. ఆ టెన్షన్ తర్వాత మూడో తేదీకే జాకెట్ల డబ్బు ఖాతాలో వేసి పెడుతున్నా. పాతకాలం కంతుల మనిషైతే "పదో తేదీ రా అన్నా" అంటే వచ్చేవాడు.

ఇప్పటికి మూడు పోయాయి. మామ బిల్లు వెనక, 28,900 రాసి ఉన్న చోటు కింద, ఎనిమిది గీతలు గీసి మూడు కొట్టేశాడు. అయిదో తేదీ సాయంత్రం "పోయిందామ్మా?" అని అడిగి, నేను ఫోన్లో మెసేజీ చూపించాకే కొడతాడు. జూన్ దాకా ఉన్నాయి. ఇన్సులిన్ ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపులోనే ఉంది, గుడ్ల అర పక్కన. కానీ మా ఫ్రిజ్ అని ఆయన ఇంకా అనడు. రాత్రి తొమ్మిదికి మంచం మీద నుంచే పిలుస్తాడు, "అమ్మా, ఆ షాపోళ్ల ఫ్రిజ్‌లో నా మందుండాది, తీసుకరా."