విక్టోరియా జంట న్యాయ పట్టా: నాలుగేళ్లు పెట్టొచ్చా?

కెనడాలో పబ్లిక్ లా (ప్రభుత్వానికీ పౌరులకూ మధ్య సంబంధాల చట్టం), ఆదివాసీ న్యాయవ్యవస్థలు రెండింటినీ బోధించే దారి పట్టాలనుకుంటే, విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో మొదలుపెట్టిన జంట పట్టా గట్టి పునాది. మామూలు జేడీకి (కెనడాలో లాయర్ల ప్రాథమిక న్యాయ డిగ్రీ) మూడేళ్లు, దీనికి నాలుగు. చేతికి రెండు డిగ్రీలొస్తాయి. ఆదివాసీ కథలను తీర్పుల్లా చదవడం నేర్పుతారు: సమస్య ఏమిటి, ఎవరు తేల్చారు, ఏ కారణంతో? చాలామంది తడబడేది ఇక్కడే. ఆదివాసీ చట్టం గురించిన ప్రశ్నలన్నిటినీ కెనడా 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్‌లోకి దూర్చేస్తారు. ఆ సెక్షన్ ఆదివాసీ హక్కులను గుర్తిస్తుందంతే. ఒక సమాజం తన తగవు ఎలా తీర్చుకుంటుందో చెప్పదు. కెనడా సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన డెల్గముక్ తీర్పు మౌఖిక చరిత్రను సాక్ష్యంగా ఒప్పుకుంది, కానీ సాక్ష్యం వేరు, చట్టం వేరు. ఆదివాసీ సమాజాల మధ్య చేసే ఫీల్డ్ స్కూల్ తప్పనిసరి. ఇల్లు వదల్లేనివారికి కష్టమే. ప్రొఫెసర్ కావాలంటే, సాధారణంగా ఆపైన పరిశోధన డిగ్రీ కూడా చూస్తారు.