పసిపిల్లలతో దుబాయ్ మాల్స్: మన సిక్కోలు కుటుంబాలకు ఏది నప్పుతుంది

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి భర్త ఉద్యోగం మీద దుబాయ్ చేరే కుటుంబాలు ఎక్కువగా మన వేసవి సెలవుల్లోనే విమానం ఎక్కుతాయి. అప్పటికి అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటేసి ఉంటుంది. పగలు పార్కు మాటే ఉండదు. పిల్లాడు నడిచినా, పరిగెత్తినా మాల్‌లోనే. అందుకని మాల్ ఎంత పెద్దదో చూడకండి. మెట్రో దిగాక ఎంత నడవాలి, ఎన్ని అంతస్తులు ఎక్కాలి అన్నది చూడండి.

దుబాయ్ మాల్ చూడాల్సిందే, కానీ ప్రతివారం వెళ్లే చోటు మాత్రం కాదు. 2008లో తెరిచిన ఈ మాల్‌లో 1,200కు పైగా దుకాణాలున్నాయి. రెడ్ లైన్‌లో బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ స్టేషన్‌లో దిగాక మాల్ లోపలికి 820 మీటర్ల ఏసీ వంతెన మీదుగా వెళ్లాలి. కదిలే బెల్టులు ఉన్నా స్ట్రోలర్‌తో పావుగంట పడుతుంది. మూడేళ్ల పిల్ల ఆ వంతెన మీదే అలిసిపోయి ఎత్తుకోమంటుంది. స్ట్రోలర్ మాల్‌లో అద్దెకు తీసుకుందామనుకుంటే ఈ దూరమంతా చంకన మోయాల్సిందే. మడతపెట్టే తేలికపాటి స్ట్రోలర్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

అక్కడి అక్వేరియంలో కోటి లీటర్ల నీరు పట్టే తొట్టె ఉంది. ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తున్న అద్దంలోంచి సొరలు, టేకు చేపలు తిరుగుతుంటే మాల్ నడవలో నిలబడే, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు అదే చాలు. తొట్టె మధ్యలోంచి నడిచే సొరంగం టికెట్ మీద పెట్టే డబ్బు పిల్లాడికి ఏడెనిమిదేళ్లు వచ్చాక పెడితే గిట్టుబాటు. సాయంత్రం ఫౌంటెన్ ఆట అందంగా ఉంటుంది. అయితే అది అయ్యాక ఆ వంతెన మీద జనం సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కిక్కిరిసినట్టు ఉంటారు. శని, ఆదివారాల్లో పసిపిల్లలతో వెళ్తే ఫౌంటెన్ వదిలేసి ఐదింటికల్లా బయటపడండి. 2022 నుంచి అక్కడి వారాంతపు సెలవులు శని, ఆదివారాలే. శుక్రవారం మధ్యాహ్నం నుంచే రద్దీ మొదలవుతుంది.

మా ఓటు ఇబ్న్ బతూతా మాల్‌కి. 14వ శతాబ్దపు యాత్రికుడి పేరు పెట్టి 2005లో తెరిచారు. అండలూసియా, ట్యునీషియా, ఈజిప్టు, పర్షియా, భారత్, చైనా పేర్లతో ఆరు ఆవరణలు. చాలాభాగం ఒకే అంతస్తులో పొడవునా సాగుతుంది కాబట్టి లిఫ్టు కోసం పడిగాపులు ఉండవు. భారత ఆవరణలో మధ్యయుగపు ఆవిష్కర్త అల్ జజారీ ఏనుగు గడియారం నమూనా ఉంది. పిల్లలు దాని ముందు నుంచి ఓ పట్టాన కదలరు. ఒక్క చిక్కు మెట్రోతోనే: జబల్ అలీ దగ్గర రెడ్ లైన్ రెండుగా చీలుతుంది. ఎక్స్‌పో వైపు వెళ్లే బండి ఎక్కితే జబల్ అలీలో దిగి మారాలి. ప్లాట్‌ఫారం మీది బోర్డు చూసి ఎక్కండి.

మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లోని మంచు మైదానాన్ని కూడా లోపలికి వెళ్లకుండానే గాజు గోడలోంచి చూడొచ్చు. లోపలికి వెళ్లేవాళ్లకు కోటు, ప్యాంటు, బూట్లు వాళ్లే ఇస్తారు. చేతి తొడుగులు టికెట్‌లో కలిసి ఉన్నాయో లేదో కౌంటర్‌లో అడగండి. మెట్రో స్టేషన్ పక్కనే, కానీ దాని పేరు స్పాన్సర్‌ను బట్టి మారింది. మ్యాప్ చూసుకుని వెళ్లండి.

ఊరి నుంచి తాతయ్య, మామ్మ వచ్చి కొన్నాళ్లు ఉంటే బస బర్ దుబాయ్ లేదా కరామా వైపు చూసుకోండి. బుర్జుమాన్ స్టేషన్‌లో రెడ్, గ్రీన్ లైన్లు రెండూ కలుస్తాయి, పైన మాలే ఉంది. మన తిండి నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతుంది. షార్జాలో అద్దె తక్కువే, కానీ అక్కడికి మెట్రో లేదు. సాయంత్రం దుబాయ్-షార్జా రోడ్డు మీద ట్రాఫిక్‌లో పసివాడితో ఇరుక్కుంటే మిగిల్చిన డబ్బు గుర్తుకు రాదు.

మెట్రోలో ఐదేళ్లలోపు లేదా 90 సెంటీమీటర్లకంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు టికెట్ లేదు. తినడం, తాగడం నిషేధం, పట్టుబడితే 100 దిర్హాముల జరిమానా. చోడి జావ, బిస్కెట్లు స్టేషన్‌లోకి అడుగుపెట్టకముందే పెట్టేయండి. ఆడవాళ్లు, పిల్లల పెట్టెలోకి నాన్న ఎక్కినా జరిమానాయే. కుటుంబమంతా కలిసి వెళ్తే మామూలు పెట్టె ఎక్కండి. సొంత కారులో నాలుగేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి.

ఎస్కలేటర్ దగ్గర మన పిల్లలకు రెండు ప్రమాదాలు. మెత్తటి రబ్బరు చెప్పులు పక్క గోడకు ఒరిస్తే అంటుకుని, మెట్టుకీ గోడకీ మధ్య సందులోకి లాక్కుపోతాయి. కాబట్టి బూట్లు వేసి, మెట్టు మధ్యలో నిలబెట్టి చెయ్యి పట్టుకోండి. ఇక మామ్మ చీర కుచ్చిళ్లు. దిగే చోట మెట్లు దువ్వెన పళ్లలాంటి పట్టీ కిందకి దూరిపోతాయి, అంచు వాటితోపాటే పోతుంది. కుచ్చిళ్లు బెత్తెడు పైకెత్తి పట్టుకోమని చెప్పండి. స్ట్రోలర్ ఎప్పుడూ లిఫ్టులోనే. ప్రయాణానికి ముందు విశాఖలో ఏదైనా మాల్‌కి తీసుకెళ్లి ఎక్కడం, దిగడం అలవాటు చేస్తే అక్కడ ఏడుపు ఉండదు.

ఆటల జోన్‌లలో సాక్సు లేకుండా రానివ్వరు. పిల్లాడి వెంట లోపలికి వెళ్లే పెద్దవాళ్లకూ కావాలి. కౌంటర్‌లో కొంటే ధర ఎక్కువ, రెండు జతలు సంచిలో పెట్టుకోండి. ఆటల కార్డులో వేసిన డబ్బు చాలాచోట్ల తిరిగి రాదు, తక్కువే వేయించండి. ఎండలోంచి చెమటతో వచ్చి ఏసీలో నిలబడితే పసివాళ్లకు చలేస్తుంది. లోపలికి రాగానే బనీను మార్చి, పల్చటి స్వెటర్ వేయండి.

పిల్లాడు తప్పిపోతే అసలు చిక్కు భాషతో వస్తుంది. నాన్న పేరేంటంటే "నాన్న" అనే చెప్తాడు. పూర్తి పేరు పలకడం ఇంట్లోనే నేర్పండి. 05తో మొదలయ్యే పది అంకెల నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టండి. బయల్దేరేముందు ఆ రోజు బట్టలతో ఒక ఫొటో తీయండి. కనిపించకపోతే ఒకరు అక్కడే నిలబడాలి, మరొకరు సెక్యూరిటీకి ఆ ఫొటో చూపించాలి. కెమెరా గదిలో వెతికేవాళ్లకు చొక్కా రంగే ఆధారం.