అద్దె బాకీ పడ్డాక సిటిజన్స్ అడ్వైస్‌కి వెళ్తే ఏం జరుగుతుంది: ఇంగ్లండ్ నుంచి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, డబ్బు సాయం చేస్తారేమో అనుకుని వెళ్లేవాళ్లు వెళ్లక్కర్లేదు. సిటిజన్స్ అడ్వైస్ అంటే ఉచితంగా సలహా ఇచ్చే చారిటీ, వాళ్లు ఒక్క పౌండు కూడా చేతిలో పెట్టరు. కానీ అద్దె ఆగిపోయి, కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటికి స్థానిక కౌన్సిల్ వేసే పన్ను) వాళ్ల రిమైండర్లు వచ్చి పడుతూ, కరెంటు బిల్లు ఇంత ఎందుకొచ్చిందో అర్థం కాక, క్రెడిట్ కార్డు మీద బియ్యం, పప్పులు కొనుక్కుంటున్న ఇంటికి కావాల్సింది ఏది ముందు కట్టాలో, ఏది నాలుగు రోజులు ఆగినా కొంప మునగదో తేల్చి చెప్పే మనిషి. ఆ పనికి ఇంతకన్నా మంచి ఉచిత సర్వీసు నాకైతే కనపడలేదు. రేటింగ్ 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

మా సంగతి క్లుప్తంగా. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, కేర్ హోమ్‌లో పని. మా ఆయన డిపెండెంట్, వేర్‌హౌస్‌లో జీరో అవర్స్ కాంట్రాక్టు, అంటే ఇన్ని గంటల పని ఇస్తామనే హామీ ఉండదు. క్రిస్మస్ హడావిడి అయిపోగానే ఆయన షిఫ్టులు సగానికి సగం పోయాయి. ఊళ్లో తీసుకున్న లోను ఈఎంఐ మాత్రం ఆగదు కదా, దాన్ని లాక్కొస్తుంటే ఇక్కడి బిల్లులు వెనకబడ్డాయి. ఈస్ట్ హామ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో మనవాళ్లు పది మంది కలిస్తే ఎవరో ఒకరింట్లో ఇదే నడుస్తుంటుంది, పైకి చెప్పుకోరంతే.

1939లో, యుద్ధం మొదలైన రోజుల్లోనే పెట్టిన సంస్థ ఇది. ఒక్కో ఊరి ఆఫీసు ఒక్కో విడి చారిటీ, చాలా చోట్ల వాలంటీర్లే కూర్చుంటారు, అందుకే టైమింగ్స్ ఊరికో రకంగా ఉంటాయి, నేరుగా వెళ్లొచ్చా, అపాయింట్‌మెంట్ కావాలా అన్నది మీ ఊరి ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇంగ్లీషులో ఇబ్బందైతే దుబాసీ కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. ఫోన్ లైను కూడా ఉంది కానీ మా ఇంట్లోలా గుట్టగా కాగితాలు ఉంటే ఎదురుగా కూర్చోవడమే నయం.

మాకు దొరికింది ఒక పెద్దావిడ, రిటైరైన మనిషి. కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అప్పెంత అని కాదు, మీ వీసా ఏంటి అని. నాకు ఒక్క క్షణం గుండె జారింది. భయపడాల్సింది ఏమీ లేదని ఆవిడే చెప్పింది: అప్పుల గురించి సలహా తీసుకోవడం పబ్లిక్ ఫండ్స్ (మనలాంటి వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందకు రాదు, వీసాకి దానితో సంబంధం లేదు. అడిగింది ఎందుకంటే మనలాంటి వీసాల మీద తక్కువ ఆదాయం వాళ్లకి నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, అద్దె కోసం ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్ తీసుకోకూడదు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ కూడా తీసుకోకూడదు. చివరిది చాలామందికి తెలియదు. ఏదో ఫ్రెండ్ చెప్పాడని ఆన్‌లైన్‌లో ఫారం నింపేస్తారు, రేపు వీసా ఎక్స్‌టెన్షన్ దగ్గర మెడకు చుట్టుకుంటుంది. అదే ఇంట్లో 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక్కరే ఉంటే వచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం పబ్లిక్ ఫండ్స్ కాదు, ధైర్యంగా అడగొచ్చు.

ఆ తర్వాత మా క్యారీబ్యాగ్‌లోంచి కవర్లన్నీ టేబుల్ మీద గుమ్మరించమంది. విప్పనివి కూడా ఉన్నాయి, ఆవిడే పేపర్ కత్తితో ఒక్కొక్కటి కోసి, చదివి, రెండు వరసలుగా పెట్టుకుంటూ పోయింది. ఎడమ పక్క అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, గ్యాస్, కరెంటు. కుడి పక్క క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోను. రోజూ ఫోన్లు చేసి ప్రాణం తీసేది కుడి పక్కవాళ్లు, నిజంగా ఇల్లు ఖాళీ చేయించగలిగేదీ, కోర్టుకెక్కి, బాకీ కింద సామాన్లు పట్టుకెళ్లే బెయిలిఫ్‌ని పంపగలిగేదీ ఎడమ పక్కవాళ్లు. మేము చేస్తున్నది సరిగ్గా తలకిందులు, ఫోన్లకు భయపడి కార్డులకు కట్టి అద్దె ఆపుతున్నాం. ఇంత చిన్న విషయం మాకెవరూ చెప్పలేదు.

కరెంటు బిల్లు చేతిలోకి తీసుకుని రీడింగ్ పక్కన ఉన్న చిన్న అక్షరం మీద పెన్ను పెట్టి చూపించింది. ఆ అక్షరం ఉంటే అది అంచనా రీడింగ్, అంటే మీటరు ఎవరూ చూడలేదు. అదే రోజు రాత్రి మీటరు ఫోటో తీసి పంపితే బిల్లు తిరగరాసి బాగా తగ్గించారు. కంపెనీ పేరు చెప్పను, అన్ని కంపెనీలూ ఈ పని చేస్తాయి. ఇంకో రూలు కూడా గుర్తు పెట్టుకోండి, కంపెనీ తన తప్పు వల్ల బిల్లు వేయకుండా ఉండిపోతే 12 నెలల కంటే పాత వాడకానికి ఇప్పుడు డబ్బు అడగడానికి లేదు. ఇక నీళ్ల బిల్లు కట్టలేదని ఇంటికి నీళ్లు ఆపే హక్కు ఇక్కడ ఏ కంపెనీకీ లేదు, ఆ టెన్షన్ వదిలేయండి, అలాగని బాకీ మాఫీ ఏమీ అవదు.

అసలు పెద్ద ఉపయోగం బ్రీతింగ్ స్పేస్. 2021 మేలో వచ్చింది, ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంది. 60 రోజులు వడ్డీలు, పెనాల్టీలు చాలా వరకు ఆగుతాయి, అప్పులవాళ్లు ఫోన్లు చేయకూడదు, బెయిలిఫ్ రాకూడదు. మనంతట మనం అప్లై చేసుకోవడానికి లేదు, అధికారం ఉన్న డెట్ అడ్వైజర్ ద్వారానే పెట్టాలి. దానికి ముందు రాబడి, ఖర్చుల ఫారం ఒకటి నింపాలి, బస్సు ఛార్జీలు, పిల్లాడి బూట్లు, ఫోన్ రీఛార్జ్ దాకా అన్నీ అడుగుతారు. విసుగ్గానే ఉంటుంది. కానీ తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ ఫారమే మన తరఫున మాట్లాడుతుంది, నెలకింతే కట్టగలం అని చెప్తే బేరమాడకుండా ఒప్పుకున్నారు. మెలిక ఏంటంటే ఆ 60 రోజుల్లో వచ్చే అద్దె, కరెంటు బిల్లు మాత్రం కడుతూనే ఉండాలి, మధ్యలో రివ్యూ ఉంటుంది, కట్టకపోతే రద్దు చేయొచ్చు. 12 నెలల్లో ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి ఏదో కార్డు వాడు బెదిరించాడని తొందరపడి వాడేసుకోకండి. అప్పు మరీ మునిగిపోయినవాళ్లకు అప్పు మాఫీ చేసే డెట్ రిలీఫ్ ఆర్డర్ అని ఇంకోటుంది, 50,000 పౌండ్ల లోపు అప్పు, చేతిలో మిగిలేది దాదాపు ఏమీ లేనివాళ్లకు. 2024 ఏప్రిల్ నుంచి దాని ఫీజు కూడా తీసేశారు. మాకు అంత దూరం అవసరం పడలేదు.

అద్దె విషయంలో ఆవిడ చెప్పింది ఒక్కటే, ఏజెంట్‌కి ఫోన్ చేయొద్దు, మెయిల్ పెట్టు, ఎంత కట్టగలవో అంకెతో సహా రాయి. మా ఏజెంట్ అప్పటిదాకా ఫోన్‌లో రేపే సామాన్లు బయట పెడతాననేవాడు, మెయిల్ వెళ్లాక ఆ మాట మళ్లీ రాలేదు. కోర్టు ఆర్డరు లేకుండా ఎవరూ మనల్ని వెళ్లగొట్టలేరు. కొత్త చట్టంతో ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించే నోటీసు లేదు, బాకీ మీద తప్పనిసరిగా ఖాళీ చేయించాలంటే రెండు నెలలు కాదు, మూడు నెలల అద్దె ఆగి ఉండాలి. కొత్తగా వచ్చే స్టూడెంట్లు వినండి, గ్యారంటర్ లేడని ప్రైవేటు ఇళ్లవాళ్లు ఆర్నెల్ల అద్దె ఒకేసారి గుంజేవాళ్లు చూశారా, అదీ కుదరదు, ఒక నెల కంటే ఎక్కువ అడ్వాన్సు అడగకూడదు.

స్టూడెంట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఫుల్‌టైమ్ చదువుతున్నంత కాలం కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు, కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాలోకి మారగానే పడుతుంది, అదే ఇంట్లో ఉన్నా సరే. చాలామంది ఆ లెటర్లు పాత అలవాటు కొద్దీ పక్కన పడేస్తారు. ఒక వాయిదా తప్పి రిమైండర్‌కి కూడా కట్టకపోతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టమంటారు, తర్వాత మెజిస్ట్రేట్ కోర్టు, ఆపైన బెయిలిఫ్. వాళ్లొచ్చినా తలుపు తీయొద్దు, కౌన్సిల్ ట్యాక్స్ బాకీకి మొదటిసారి వచ్చి బలవంతంగా లోపలికి రాకూడదు. మామూలుగా ట్యాక్స్ 10 వాయిదాల్లో వేస్తారు, 12 చేయమని అడిగితే చేస్తారు.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్క మార్కు. మన అప్పుల్లో సగం వీళ్ల ఫారంలో పట్టవు. ఊళ్లో బ్యాంకు లోనుని ఇక్కడి చట్టం ఆపలేదు, అది మీరే బ్యాంకుతో తేల్చుకోండి అనేసింది ఆవిడ, నిజమే మరి. బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు, వాట్సాప్ గ్రూపులో నడిచే చీటీ, ముందే పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన నెలలు, వీటికి కాగితం ఉండదు, చీటీ అంటే ఏంటో వివరించడానికే చాలాసేపు పట్టింది. వాటి సంగతి చివరికి మనమే చూసుకోవాలి.

అక్కడిదాకా వెళ్లే తీరిక లేకపోతే స్టెప్‌చేంజ్ అనే చారిటీ ఆన్‌లైన్‌లోనే మొత్తం చేసి పెడుతుంది, నేషనల్ డెట్‌లైన్ ఫోన్‌లో చెప్తుంది, రెండూ ఉచితమే. ఫేస్‌బుక్‌లో ప్రభుత్వ పథకం, అప్పులో చాలా భాగం మాఫీ అని కనపడే యాడ్‌ని మాత్రం నొక్కకండి. మా ఆయన నంబరు ఒక దాంట్లో ఇస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా ఐవీఏలో (అప్పులవాళ్లతో చట్టబద్ధంగా చేసుకునే వాయిదాల ఒప్పందం) చేరమని ఫోన్లు. అది సాధారణంగా ఐదారేళ్లు సాగుతుంది, వాళ్ల ఫీజు మనం కట్టేదాంట్లోంచే పోతుంది.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: వీసా వివరాలు, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె అగ్రిమెంటు, కవర్లన్నీ, విప్పనివి సహా. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకు ఇందులో చాలా రూల్స్ వేరు, అక్కడ సిటిజన్స్ అడ్వైస్ స్కాట్లాండ్ అని విడిగా ఉంది, అప్పులవాళ్లను ఆపే గడువు కూడా 60 రోజులు కాదు, ఆర్నెల్లు.