గూగుల్ మ్యాప్స్: గమ్యం చేరుస్తుంది గానీ దారి నేర్పదు

కొత్త చోటికి తప్పిపోకుండా చేర్చే విషయంలో గూగుల్ మ్యాప్స్‌కు వంక పెట్టలేం. అయితే ఉన్న సెట్టింగ్స్‌తో అలాగే వాడితే, పదిసార్లు వెళ్లిన దారికి కూడా పదకొండోసారి ఫోన్ తీయాల్సి వస్తుంది. దీనికి కారణం మన తలలోనే ఉంది.

హోమో సేపియన్స్ వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. వ్యవసాయం మొదలై సుమారు 12 వేల ఏళ్లే. అంతకు ముందు కాలమంతా తిండి కోసం ఎంత దూరం పోయినా చీకటి పడేలోపు మకాం చేరుకోవడం మీదే బతుకు ఆధారపడింది. ఆ దారుల లెక్క చూసేది మెదడులోని హిప్పోక్యాంపస్, దాని పక్క భాగాలు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో లండన్ టాక్సీ డ్రైవర్లకు హిప్పోక్యాంపస్ వెనుక భాగం మిగతావారి కన్నా పెద్దదిగా కనిపించింది. లైసెన్సు కోసం వాళ్లు దాదాపు 25 వేల వీధులు బట్టీ పట్టాలి మరి. 2017లో అదే నగరంలోని సోహో వీధులతో మరో ప్రయోగం జరిగింది. సొంతంగా దారి వెతుక్కున్నప్పుడు ప్రతి కొత్త వీధి మొదట్లో చురుగ్గా కదిలిన హిప్పోక్యాంపస్, సూచనలు వింటూ వెళ్లినప్పుడు అలా స్పందించలేదు. ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని చెప్పించుకుంటూ వెళ్తే దారి గుర్తుండకపోవడంలో వింతేముంది!

అందుకే మొదట మార్చాల్సింది మ్యాప్ తిరిగే పద్ధతి. డ్రైవింగ్‌లో మనం తిరిగినప్పుడల్లా మ్యాప్ కూడా తిరిగిపోతుంది, దాంతో ఊరి ఆకారం మనసులో నిలవదు. ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో నావిగేషన్‌లోకి వెళ్లి, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా పెట్టుకోవాలి. రెండు మూడు రోజులు తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఇక బయల్దేరే ముందు దారి మొత్తం స్క్రీన్ మీద కనిపించేలా రెండు వేళ్లతో జూమ్ తగ్గించి, మలుపుల దగ్గర మూడు గుర్తులు చూసుకోవాలి: వంతెన, గుడి, పెట్రోల్ బంకు లాంటివి. వెళ్లేటప్పుడు వాయిస్ పెట్టుకున్నా ఫర్వాలేదు, తిరుగు ప్రయాణం మాత్రం యాప్ లేకుండా చేయాలి. నిజంగా నేర్పేది ఆ తిరుగు ప్రయాణమే. అర్ధరాత్రి, హైవే ఇంటర్‌చేంజ్, అంబులెన్సు లాంటి సందర్భాల్లో మాత్రం ఈ సాధన పనికిరాదు, వాయిస్ ఆన్‌లోనే ఉండాలి.

మ్యాప్‌లో మనం ఉన్న చోటు చూపే నీలి చుక్కను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసుండాలి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్‌కు సుమారు 5 మీటర్ల తేడా మామూలే. ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహాల సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా చేరడంతో చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. ఫ్లైఓవర్ దగ్గర మనం పైన ఉన్నామో కింద ఉన్నామో దానికి తెలియకపోవచ్చు. చుక్క చుట్టూ లేత నీలి వలయం పెద్దదైతే ఆ మలుపు సూచనను నమ్మకుండా వీధి బోర్డు చూడటం మేలు. నిలబడి ఉన్నప్పుడు దిశ చూపేది ఫోన్‌లోని దిక్సూచి. అయస్కాంతం ఉన్న కవరో హోల్డరో ఉంటే అది తప్పు చూపిస్తుంది. కవరు తీసి ఫోన్‌ను గాలిలో 8 అంకెలా తిప్పి, పది అడుగులు నడిచి చూస్తే ఎటు వెళ్తున్నామో తేలిపోతుంది.

ఆఫ్‌లైన్ మ్యాప్స్ తప్పక దించుకోవాలి. కాకపోతే అందులో కారు దారులే వస్తాయి. నడక దారి, బస్సు వివరాలు, ట్రాఫిక్ రావు. ఫోన్ జీపీఎస్ సిగ్నల్‌ను అందుకుంటుందే తప్ప పంపదు కాబట్టి నెట్ లేకపోయినా చుక్క కదులుతుంది. అయితే నెట్ సాయం లేనప్పుడు ఉపగ్రహాల వివరాలు ఆకాశం నుంచే రావాలి. అందుకు అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టొచ్చు, అంతసేపూ బయట ఆరుబయట నిలబడాలి.